ప్రజాధన పరిశోధన ప్రజలకే

ప్రజల సొమ్ముతో పరిశోధన జరుగుతుంది. శాస్త్రవేత్తలు పైసా తీసుకోకుండా పత్రికకు వ్యాసం రాస్తారు. తోటి నిపుణులూ ఊరికే పరిశీలించి సరిచూస్తారు. అచ్చయ్యాక మాత్రం అది చాలాసార్లు ప్రచురణ సంస్థ సొత్తు. చదవాలంటే ప్రజలే మళ్లీ డబ్బు కట్టాలి. ఈ అన్యాయాన్ని సరిదిద్దాల్సిన కేంద్రం, ఖజానా నుంచే చందా కట్టే దారి పట్టింది.

‘ఒకే దేశం - ఒకే చందా’ పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదం తెలిపింది. మూడేళ్లకు రూ.6,000 కోట్లు. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13 వేల పత్రికలు, ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థల్లోని సుమారు 1.8 కోట్ల మందికి అందుతాయి. మారుమూల ప్రభుత్వ కళాశాలకు ఇది మేలే, కాదనలేం. కానీ తొలి దశలో ప్రైవేటు కళాశాలలకు చోటు లేదు. తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ విద్యార్థుల్లో అత్యధికులు చదివేది వాటిలోనే. గడువు తీరాక మళ్లీ బేరమే.

ప్రచురణ సంస్థలు చూపే కాపీరైటు హక్కుకూ చట్టం ఎల్లలు గీసింది. 1957 కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ సొంత పరిశోధనకు, విమర్శకు, బోధనకు రుసుము లేని వాడకాన్ని అనుమతిస్తోంది. పాఠాలకు అవసరమైన పుస్తక భాగాలను జిరాక్సు తీయడానికి లైసెన్సు ఫీజు కట్టాలంటూ ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు 2012లో ఢిల్లీ విశ్వవిద్యాలయంపైనా, అక్కడి జిరాక్సు దుకాణంపైనా దావా వేశాయి. 2016లో ఢిల్లీ హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. బోధనకు ఎంత అవసరమన్నదే కొలమానమని ధర్మాసనం తేల్చింది. మరుసటి ఏడాది ప్రచురణకర్తలే కేసు వదులుకున్నారు.

రచనే జీవనాధారమైన వారికి ప్రతిఫలం దక్కాల్సిందే. పుస్తకం మొత్తాన్నీ కాపీ చేసి అమ్ముకోవడం దోపిడీయే. అయితే రాసినవారికి పైసా ముట్టని శాస్త్ర వ్యాసానికి ఆ వాదన కవచం కాకూడదు.

ప్రభుత్వ నిధులతో వచ్చిన ప్రతి వ్యాసాన్నీ ప్రచురణ రోజే అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాలని చట్టం చేయాలి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2025 జులై నుంచి ఇలాంటి నిబంధననే అమలు చేస్తున్నాయి. మన శాస్త్ర సాంకేతిక, బయోటెక్నాలజీ విభాగాలు 2014లోనే బహిరంగ లభ్యత విధానం ప్రకటించాయి; దానికి ఇప్పుడు చట్టబలం కావాలి. చందా ఒప్పందాల్లో 52వ సెక్షన్ హక్కులను హరించే షరతులు చెల్లవని ప్రకటించాలి. ఈ పనులు చేయకుండా మరో విడత చందా కట్టడానికి పార్లమెంటు ఒప్పుకోకూడదు.