రీలు పుల్లటి వాసన కొడుతుంటే

వడ్రంగి చెక్కలు అతికించే తెల్ల జిగురు పాలీవినైల్ ఎసిటేట్. గోళ్ల రంగు తుడిచే సీసాలు చాలావాటిలో ఉండేది ఇథైల్ ఎసిటేట్. సిగరెట్ ఫిల్టరు, ఖరీదైన కళ్లజోడు ఫ్రేము సెల్యులోజ్ ఎసిటేట్‌తో తయారవుతాయి. వెనిగర్‌కు పులుపునిచ్చే ఎసిటిక్ ఆమ్లానికి ఇవన్నీ చుట్టాలే. తెలుగువాళ్లు వెంటనే పట్టించుకోవాల్సిన ఎసిటేట్ మాత్రం పాత సినిమా డబ్బాల్లో ఉంది.

తొలినాళ్ల సినిమా ఫిల్మ్ నైట్రేట్‌ది. అది అంటుకుందంటే నీళ్లలో ముంచినా ఆరదు. అందుకే కొడాక్ సంస్థ 1948లో ట్రైఎసిటేట్ ఫిల్మ్ తెచ్చినప్పుడు దాన్ని ‘సేఫ్టీ ఫిల్మ్’ అన్నారు. మంట భయం పోయింది. కానీ దీని చావు దీనిలోనే ఉంది. దూదిలోనో కలపలోనో ఉండే సెల్యులోజ్‌కు ఎసిటైల్ గుంపులను అతికిస్తే ఈ పదార్థం తయారవుతుంది. వేడి, తేమ కలిస్తే ఆ అతుకు ఊడుతుంది. ఊడినప్పుడల్లా ఎసిటిక్ ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లమే మిగతా అతుకులు ఊడటాన్ని ఇంకా వేగిరపరుస్తుంది. ఆవిరి బయటికి పోకుండా మూత బిగించిన డబ్బాలోనైతే మరీ త్వరగా చెడుతుంది. డబ్బా తెరవగానే ఘాటైన పుల్లటి వాసన. తర్వాత ఫిల్మ్ కుంచించుకుపోతుంది, వంకర్లు తిరుగుతుంది, పెళుసుబారుతుంది, బొమ్మ ఉన్న పొర లేచిపోతుంది. దీన్ని ‘వెనిగర్ సిండ్రోమ్’ అంటారు. పక్కన పేర్చిన మంచి రీళ్లను కూడా ఆ ఆవిరి పాడుచేస్తుంది.

ట్రైఎసిటేట్ వచ్చి పదేళ్లు తిరక్కముందే కొడాక్‌కు దీని మీద మొదటి ఫిర్యాదు అందింది. పంపినది భారత ప్రభుత్వమే! మన వేడికి, ఉక్కకు ఈ ఫిల్మ్ తట్టుకోదని అంత ముందే తెలిసినా, దశాబ్దాల పాటు నెగెటివ్‌లను మద్రాసు ల్యాబుల్లో, గోడౌన్లలో వదిలేశాం. పరిశ్రమ హైదరాబాదుకు తరలింది, డిజిటల్ వచ్చాక ల్యాబులు మూతబడ్డాయి, నిర్మాతల వారసులకు డబ్బాలు బరువయ్యాయి. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ఇప్పటికే మనకు దక్కలేదు. అది నైట్రేట్ కాలం నాటి నష్టం. ఎసిటేట్ కాలం నాటిది ఇప్పుడు జరుగుతోంది.

2022లో ‘పోకిరి’, ‘ఖుషి’ మళ్లీ థియేటర్లకొస్తే అభిమానులు పండగ చేసుకున్నారు. పాత సినిమాకు గిరాకీ ఉందని పరిశ్రమకు అప్పుడే తెలిసొచ్చింది. అయినా చాలామంది నిర్మాతల లెక్క ఒక్కటే: స్కాన్ చేయించేశాం, ఇక ఆ రీళ్లెందుకు? ఇది ప్రమాదకరమైన లెక్క. ఒకప్పుడు 2కె స్కాన్ చాలనుకున్నారు, ఇప్పుడు 4కె కావాలంటున్నారు. మళ్లీ స్కాన్ చేయాలంటే నెగెటివ్ ఉండి తీరాలి. హార్డ్ డిస్కులు కూడా చెడిపోతాయి, వాటిలోని ఫైళ్లను కొన్నేళ్లకోసారి కొత్తవాటిలోకి మార్చాలి. ఆ పని ఎవరు గుర్తుపెట్టుకు చేస్తారు?

వైద్యం తెలియక కాదు. చెడిన ఎసిటేట్‌ను తిరిగి బాగుచేయలేం గానీ, చెడటాన్ని బాగా నెమ్మదింపజేయొచ్చు. 21 డిగ్రీల సెల్సియస్, 50 శాతం తేమ ఉన్న గదిలో కొత్త ఫిల్మ్‌కు నలభై, యాభై ఏళ్లలో ఈ జబ్బు మొదలవుతుందని అంచనా. బాగా చల్లటి, పొడి గదిలోనైతే వందల ఏళ్లు ఆగుతుంది. ఏ డబ్బాకు జబ్బు ముదిరిందో చెప్పే కాగితపు పట్టీలున్నాయి. డబ్బాలో పెడితే ఆమ్లం మోతాదును బట్టి నీలం నుంచి ఆకుపచ్చకు, పసుపుకు మారతాయి. ముందు స్కాన్ చేయాల్సినవేవో వాటితో తేలిపోతుంది.

పుణెలో 1964 నుంచీ జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. అన్నిటికీ దాని మీదే ఆధారపడటం, ఏటా ఇన్ని సినిమాలు తీసే తెలుగు పరిశ్రమకు గౌరవం కాదు. హైదరాబాదులో ఒక శీతల భాండాగారం కట్టాలి. స్థలం రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాల్లో ఏది ఇచ్చినా సరే, కరెంటు బిల్లు మాత్రం రీరిలీజ్ వసూళ్లలోంచి రావాలి. అంతకన్నా ముందు ఫిల్మ్ చాంబర్ ఒక జాబితా వేయాలి: ఏ సినిమా నెగెటివ్ ఎవరి దగ్గర, ఏ స్థితిలో ఉంది? దానికి కోట్లు అక్కర్లేదు, డబ్బాల మూతలు తీసి చూసే మనుషులు చాలు.