సైకిలు వచ్చింది సరే... ధర వచ్చిందా?

ద్రాక్ష వేసిన రైతునడిగినా, నిమ్మతోట రైతునడిగినా బోర్డో మిశ్రమం గురించి చెబుతాడు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. కానీ ఆ మందు ఎలా పుట్టిందో తెలిసినవారు తక్కువ. బోర్డో అనేది ఫ్రాన్స్ దేశంలో ఒక నగరం. చుట్టూ ద్రాక్ష తోటలే. వెనకటికి అక్కడి మెడోక్ ప్రాంతపు రైతులు దారి పక్క తీగల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. తెగులు కోసం కాదు, దారినపోయేవాళ్లు గుత్తులు తెంపుకుపోతున్నారని! నీలం మరకలు చూసి విషమనుకుని ఎవరూ చెయ్యి పెట్టరు కదా. 1882లో మిల్లార్డే అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు అటుగా వెళ్తూ ఒక సంగతి గమనించారు. లోపలి తీగలు బూజు తెగులుతో ఆకులు రాలుస్తుంటే, దారి పక్క వరుసలు మాత్రం పచ్చగా ఉన్నాయి. 1885లో ఆయన ఆ విషయం లోకానికి చెప్పారు.

అప్పుడు దారినపోయేవాణ్ణి దూరంగా పెట్టడానికి మందు చల్లిన రైతే ఇప్పుడు అతణ్ణి పిలిచి కూర్చోబెడుతున్నాడు. ఆ వచ్చేవాడు సైకిలు మీద వస్తున్నాడు. అందులోనూ మౌంటెన్ బైక్ మీద. పేరులో బైక్ ఉన్నా అది మోటారు బండి కాదు. లావు టైర్లు, గేర్లు ఉన్న సైకిలు. బురదలో, రాళ్లలో, గుట్టల మీద కూడా పోతుంది. తోటల మధ్య మట్టిబాటలకు అదే అనువు.

సారా మీద పోరాడిన దూబగుంట ఉన్న గడ్డ మీద వైను తోటల కబుర్లేమిటని ఎవరైనా అడగవచ్చు. ఇక్కడ మాట్లాడుతున్నది తాగుడు గురించి కాదు. పంట పండించినవాడికి, ఆ పంట చూడవచ్చిన బాటసారికి మధ్య డబ్బు ఎలా నడుస్తుందన్నదే మన ప్రశ్న. మన దగ్గరా వ్యవసాయ పర్యాటకం అన్న మాట వినపడుతోంది కాబట్టి ఇది మనకు అక్కరలేని విషయమేం కాదు.

ముందు ఆ దారులు చూద్దాం. బుర్గుండి ప్రాంతంలో బోన్ పట్టణం నుంచి సాంతెనే ఊరి దాకా 20 కి.మీ. పైచిలుకు సైకిలు బాట ఉంది. పొమ్మార్, వోల్నే, మెర్సో వంటి పేరుమోసిన ఊళ్ల తోటల మధ్యగా పోతుంది. దానికోసం కొత్తగా భూమి సేకరించి రహదారి వేయలేదు. చాలా మేర రైతులు ట్రాక్టర్లు తోలుకునే బాటలే. ఆ పక్కనే జివ్రీ నుంచి క్లూనీ వరకు మూలపడ్డ రైలు మార్గాన్ని 1997లో సైకిలు బాటగా మార్చారు. మౌంటెన్ బైకుల వాళ్లకైతే ఇంకా పెద్దదారి ఉంది. దేశం మధ్యనున్న కొండల మీదుగా దాదాపు 1400 కి.మీ. సాగి, చివరకు ఎరో జిల్లా ద్రాక్ష తోటలు దాటి అగ్ద్ దగ్గర మధ్యధరా సముద్రం చేరుతుంది.

బుర్గుండిలో మడికో పేరు. మన దగ్గర చింతచెట్టు చేను, గుడి మాన్యం అన్నట్టే. అలాంటి 1247 మడులను యునెస్కో 2015లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బాటసారి వాటిని చూడ్డానికే వస్తాడు. ఆ తీగలు అంత తీరుగా ఉన్నాయంటే చలికాలం గడ్డకట్టే చలిలో ఒక్కో మొక్కా కత్తిరించిన చేతులున్నాయి. ఆ అందానికి టిక్కెట్టు లేదు. సైకిలు వాడు కళ్లారా చూసి పోవచ్చు. మరి రైతుకేం మిగిలింది?

నష్టమూ లేకపోలేదు. వాన వెలిసిన వెంటనే లావు టైర్లు పోతే మెత్తటి బాట గాడి పడుతుంది. అడ్డదారని సాలు మధ్య నుంచి తోలితే తీగ దెబ్బతింటుంది. మందు కొట్టిన తోటలోకి కనీసం 6 గంటలు, కొన్ని మందులకైతే 48 గంటల దాకా పనివాళ్లు దిగకూడదని అక్కడ నిబంధన. కానీ అన్ని బాటలూ అందరివీ కావు. మన డొంకలు, పుంతల్లాంటి ఊరి ఉమ్మడి బాటల మీద ఎవరైనా పోవచ్చు. పక్కపక్క పొలాల వాళ్లు తమ అవసరానికి ఉంచుకున్న బాట మాత్రం వారి సొంతం. కావాలంటే బయటివాళ్లను రావద్దనవచ్చు. ఈ తేడా చట్టంలోనే ఉంది. అందుకే అక్కడ పిలిచినా, వద్దన్నా రైతు మాటకు విలువ ఉంటుంది.

పిలవడానికీ పద్ధతి ఉంది. పొలంలో అతిథులకు స్వాగతం చెప్పే పథకం ఒకటి 1988 నుంచి వ్యవసాయ మండళ్ల ఆధ్వర్యంలో నడుస్తోంది. సైకిలు యాత్రికులకు బస ఇచ్చేవాళ్లకు వేరే గుర్తింపు ఉంది. సైకిలు దారికి 5 కి.మీ. లోపు ఉండాలి, సైకిలు భద్రంగా పెట్టుకునే చోటు ఉండాలి, పంక్చరు, చిన్న మరమ్మతులకు సామాను ఉండాలి. గది అద్దె, భోజనం, గడప దగ్గరే అమ్మిన సీసాలు - రైతుకు చేతికి వచ్చేది ఇదే. సైకిలు మీద వచ్చినవాడు పెట్టెలు మోసుకుపోలేడు, ఒకటి రెండు సీసాలే. కానీ మధ్యలో దళారి లేడు.

ఇదంతా విని, సైకిలు బాట వేస్తే చాలు రైతు బాగుపడతాడనుకుంటే పొరపాటే. మళ్లీ బోర్డోకే వెళ్దాం. నగరం పక్క నుంచి సోవ్‌తెర్ ఊరి వరకు పాత రైలు మార్గం మీద 50 కి.మీ. పైచిలుకు సైకిలు బాట ఉంది. 1937లో టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెం గెలిచిన రొజే లాపెబీ పేరే దానికి పెట్టారు. సైకిళ్లకు కొదవ లేదు. కానీ ఆ బాట సాగే ప్రాంతంలో ఎందరో రైతులు తమ తీగలు తామే పీకించుకుంటున్నారు. 2023లో బోర్డో ప్రాంతంలో తోట తీసేసిన రైతుకు హెక్టారుకు 6000 యూరోలు ఇచ్చే పథకం పెట్టారు. అప్పటి లెక్కన మన డబ్బులో ఐదు లక్షల పైమాట. 2024లో దేశమంతటికీ 12 కోట్ల యూరోలతో మరో పథకం, హెక్టారుకు 4000. పెంచడానికి కాదు, పీకడానికి!

కారణమేమిటి? ఎర్ర వైను తాగేవాళ్లు తగ్గారు. అంతకంటే ముఖ్యం, అక్కడ చాలామంది సీసాల్లో కాక పీపాల లెక్కన టోకు వర్తకులకు అమ్ముతారు. ధర చెప్పేది వర్తకుడే. ఖర్చు కూడా రాని ధరకు కొన్నారని 2024లో అక్కడి వాణిజ్య న్యాయస్థానం ఇద్దరు వర్తకులు ఒక రైతుకు పరిహారం చెల్లించాలని తీర్పు ఇవ్వాల్సి వచ్చింది. ఊరికి ప్రపంచమంతా పేరుంది, వాకిట్లో సైకిలు బాట ఉంది, అయినా అమ్మకం తన చేతిలో లేనివాడికి గిట్టుబాటు లేదు.

అక్కడి రైతులకు ఉన్న రక్షణ కూడా ఊరికే వచ్చింది కాదు. పంచదార కలిపిన కల్తీ సరుకు, పడిపోయిన ధరలతో విసిగి 1907 మార్చి 11న అర్జెలియే అనే చిన్న ఊరి నుంచి 87 మంది రైతులు నార్బోన్‌కు బయల్దేరారు. జూన్ 9 నాటికి మోంపెలియేలో 5 లక్షల మంది పోగయ్యారు. ఆ నెలలోనే నార్బోన్‌లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. నెలాఖరుకు కల్తీ నిరోధక చట్టం వచ్చింది. అంతకుముందే 1901లో మరోసాన్ రైతులు సహకార సంఘం పెట్టుకుని, పారిస్ వినియోగదారుల సంఘాలకే నేరుగా సరుకు అమ్మారు. ఊరి పేరు ఆ ఊరి పంటకే చెందాలన్న ఏర్పాటు 1935లో చట్టంతో గట్టిపడింది. ఇవన్నీ అయ్యాక ఎన్నో ఏళ్లకు సైకిలు వచ్చింది. వరస గమనించాలి. ముందు నికార్సయిన సరుకు, తర్వాత సంఘం, ఆపైన పేరు. చివరన బాటసారి.

మనకూ పేర్లున్నాయి. గుంటూరు సన్నం మిర్చి, బనగానపల్లె మామిడి, అరకు కాఫీ - ఇవన్నీ భౌగోళిక గుర్తింపు పొందినవే. కానీ ఆ పేరు వాడుకునే హక్కుదారుగా చెన్నైలోని రిజిస్ట్రీలో రైతు నమోదు కావాలి. లేకుంటే పేరు మనది, లాభం బస్తా మీద ముద్ర కొట్టినవాడిది. ఒక్కడి వల్ల కాదంటే పదిమంది కలిసి మండల ఉద్యాన అధికారిని అడగండి.

రేపు మన ఊళ్లకు కూడా చూడవచ్చేవాళ్లు వస్తే రానివ్వండి, మంచిదే. చల్లటి మజ్జిగ ఇద్దాం, చెట్టు నీడన కూర్చోబెడదాం. కానీ పర్యాటకం పేరు చెప్పి గిట్టుబాటు ధర ఊసు మరిపించాలని చూస్తే మాత్రం ఒప్పుకోకూడదు. సైకిలు వాడు కొనే రెండు సీసాలు చేతి ఖర్చుకు వస్తాయి. అప్పు తీర్చేది పంట ధరే.