క్రీడ – కొలమానం

కొలమానం దేనికి విలువనిస్తుందో, శిక్షణ దానివైపే సాగుతుంది. మహిళల ఫిగర్ స్కేటింగ్ ఇందుకు చక్కని నిదర్శనం. మంచు వేదికపై సంగీతానికి అనుగుణంగా సాగే ఈ క్రీడలో గెంతులే కీలకం.

పూర్వం న్యాయనిర్ణేతలు సాంకేతికతకు, ప్రదర్శనకు విడివిడిగా 6.0 గరిష్ఠంగా మార్కులు వేసేవారు. 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో జంటల పోటీ తీర్పు వివాదాస్పదం కావడంతో, అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య 2004లో కొత్త పద్ధతిని ఆమోదించింది. దీని ప్రకారం ప్రతి గెంతుకూ నిర్ణీతమైన మూలవిలువ ఉంటుంది. గాలిలో చుట్లు పూర్తయ్యాయో లేదో సాంకేతిక బృందం వీడియోలో పరిశీలిస్తుంది. లోపిస్తే విలువ తగ్గుతుంది. గెంతు నాణ్యతను బట్టి న్యాయనిర్ణేతలు -5 నుండి +5 వరకు అంకెలు వేస్తారు.

ఈ పద్ధతి తీర్పుకు స్పష్టత చేకూర్చిందనడంలో సందేహం లేదు. అయితే అంకెలకు ఆశ పుట్టించే గుణం ఉంది. ప్రదర్శన ద్వితీయార్ధంలో వేసే గెంతులకు 10 శాతం అదనపు విలువ ఉండేది. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో 15 ఏళ్ళ అలీనా జగితోవా ఫ్రీ స్కేటింగ్‌లోని ఏడు గెంతు అంశాలనూ ద్వితీయార్ధంలోనే ప్రదర్శించి స్వర్ణం సాధించింది. ఆ తరువాత ఆ అదనపు విలువ చివరి మూడింటికే పరిమితమైంది.

చుట్ల సంఖ్య విషయమూ ఇంతే. 2022 నాటి పట్టికలో మూడు చుట్ల టో లూప్ విలువ 4.2, నాలుగు చుట్లకు 9.5. తేలికైన లేత శరీరం గాలిలో వేగంగా తిరుగుతుంది. అందుకే బాలికలపై భారం పెరిగింది. ఆ సంవత్సరమే సమాఖ్య కనీస వయస్సును దశలవారీగా 15 నుండి 17కు పెంచాలని నిర్ణయించింది.

ఈ నిర్ణయం హర్షణీయం. కాని వయోపరిమితి ఒక్కటే చాలదు. కష్టమైన విన్యాసానికి తగిన ఫలం దక్కవలసిందే. ఆ ఫలానికి ఎదిగే ఎముకలు మూల్యం చెల్లించరాదు. పరిణతి చెందిన క్రీడాకారిణి చూపే నేర్పుకు, లయకు కూడా తగిన విలువ లభించినప్పుడే ఆ కొలమానం న్యాయమైనదవుతుంది.