తామర మొండికేసింది.. ట్యూబు అలవాటు మానాల్సిందే!

చర్మవ్యాధులపై వైద్యులకు జరిగే నిరంతర విద్యా సదస్సుల్లో కొన్నేళ్లుగా తప్పక చర్చకొస్తున్న అంశం తామర. ఒకప్పుడు కొన్ని వారాల పూతమందుతో తగ్గిపోయేది. ఇప్పుడు నెలల తరబడి వదలడం లేదు. మన దేశంలో దీనికి ఎక్కువగా కారణమవుతున్న ఫంగస్‌కు 2020లో ‘ట్రైకోఫైటాన్ ఇండోటినీయే’ అని పేరు పెట్టారు. జన్యుమార్పుల వల్ల చాలామందిలో ఇది టెర్బినాఫిన్ మాత్రలకు లొంగడం లేదు. 2023లో న్యూయార్క్‌లోనూ బయటపడింది.

దీనికి ఆజ్యం పోస్తున్నవి స్టెరాయిడ్ కలిసిన క్రీములు. రాసిన రెండు మూడు రోజులకే దురద, ఎరుపు తగ్గుతాయి. కానీ చర్మంలో రక్షణశక్తి సన్నగిల్లి ఫంగస్ చాపకింద నీరులా పాకుతుంది. మానగానే తిరగబెడుతుంది. గజ్జల్లో చర్మం పలచబడి శాశ్వతంగా చారలు పడొచ్చు.

స్టెరాయిడ్ క్రీములను కేంద్రం 2018లో షెడ్యూల్-హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడదు. అయినా చాలాచోట్ల అడిగితే ఇచ్చేస్తున్నారు. కొత్త చికిత్సలు మేం నేర్చుకున్నా, మా దగ్గరికి వచ్చేసరికే రోగి మూడు నాలుగు ట్యూబులు వాడేసి ఉంటున్నారు. అందుకే ఈ అవగాహన చర్మవైద్యులతో ఆగకూడదు. ఊళ్లో తొలి చికిత్స చేసేవారికీ, మందుల షాపులకూ చేరాలి.

ఇంట్లో చేయాల్సిందీ ఉంది. ట్యూబుపై క్లోబెటసాల్, బెక్లోమెథాసోన్, మొమెటాసోన్ వంటి పేర్లుంటే తామరకు సొంతంగా రాయొద్దు. తువ్వాళ్లు, లోదుస్తులు ఎవరివి వారికే ఉండాలి. ఇంట్లో ఎంతమందికి ఉంటే అందరికీ ఒకేసారి చికిత్స చేయించాలి. మచ్చలు తగ్గినా డాక్టర్ చెప్పేదాకా మందు ఆపొద్దు.