చీరల సైట్‌కి ఏ కార్ట్ మంచిది? ముందు స్టాక్ సంగతి చూడండి

గద్వాల, నారాయణపేట, పోచంపల్లి, పుట్టపాక... ఈ ఊళ్లలో మీ చుట్టాలెవరైనా మగ్గం నేస్తున్నారా? అయితే ఏదో ఒకరోజు "మన చీరలకు ఒక వెబ్‌సైట్ చెయ్యి బిడ్డా" అని మిమ్మల్నే అడుగుతారు. ఇంట్లో ఫోన్ల గురించి బాగా తెలిసింది మీకే కదా! అప్పుడు షాపిఫైయా, వూకామర్సా అన్న చర్చతో మొదలుపెట్టకండి.

చేనేత చీర ఫోన్ కవర్ లాంటిది కాదు. ఒక డిజైన్‌లో ఒక్క పీసే ఉండొచ్చు. 2020లో జీఐ గుర్తింపు వచ్చిన పుట్టపాక తేలియా రుమాల్‌నే తీసుకోండి. పడుగుకి, పేకకి రెండింటికీ ముందే రంగులద్ది, డిజైన్ కుదిరేలా నేస్తారు. అలాంటి ఒక్క పీస్‌కి ఇద్దరు డబ్బు కడితే? ఒకరికి రీఫండ్ ఇవ్వాలి. గేట్‌వే ఫీజు మాత్రం మామూలుగా వెనక్కి రాదు. అందుకే వూకామర్స్ పెడితే ముందు స్టాక్ 1 అని సెట్ చేయండి. డబ్బు కట్టని ఆర్డర్ కోసం చీరను ఆపే 'హోల్డ్ స్టాక్' టైమ్ డిఫాల్ట్‌గా 60 నిమిషాలు ఉంటుంది. నేనైతే 15 పెడతాను.

ఇక పేమెంట్. గేట్‌వే ఫీజు 2 శాతం అనుకుందాం. 8,000 రూపాయల చీరకు 160, దానిపై 18 శాతం జీఎస్టీ 28.80, మొత్తం 188.80 రూపాయలు పోతాయి. "యూపీఐ ఫ్రీ కదా అన్నా" అంటారు. 2020 జనవరి నుంచి యూపీఐకి ఎండీఆర్ సున్నా, నిజమే. కానీ గేట్‌వే తన సర్వీస్‌కి విడిగా చార్జ్ వేయొచ్చు. సైన్ అప్ చేసేముందే అడిగి తెలుసుకోండి.

నా ఓటు దేనికంటే, నెలకు పది ఆర్డర్లు కూడా లేనప్పుడు కార్టే వద్దు. ఫోటోలు, ధరలతో ఒక పేజీ, వాట్సాప్ బటన్, యూపీఐ క్యూఆర్ చాలు. ఒక్కటే జాగ్రత్త: స్క్రీన్‌షాట్ చూసి చీర పంపొద్దు. దాన్ని ఎవరైనా ఎడిట్ చేయగలరు. ఖాతాలో డబ్బు పడిందో లేదో చూసుకున్నాకే ప్యాక్ చేయాలి.

ఆర్డర్లు పెరిగాక వూకామర్స్, గేట్‌వే పెట్టండి. వెబ్‌హుక్ ఆన్ చేయడం మర్చిపోవద్దు. లేదంటే కస్టమర్ డబ్బు కట్టి బ్రౌజర్ మూసేస్తే, మీ సైట్‌లో ఆర్డర్ పెండింగ్‌లోనే ఉండిపోవచ్చు. అప్‌డేట్లు చూసుకునే తీరిక లేదంటే మాత్రం నెల నెలా డబ్బు కట్టి షాపిఫై తీసుకోవడమే నయం. క్యాష్ ఆన్ డెలివరీకి కొంత అడ్వాన్స్ తీసుకోండి. చీర తిరిగొస్తే రానుపోను కొరియర్ ఖర్చు నేసినవాళ్ల మీదే పడుతుంది.

చివరగా అన్నిటికంటే ముఖ్యమైనది. గేట్‌వే అకౌంట్, డొమైన్, బ్యాంక్ ఖాతా మూడూ నేసేవాళ్ల పేరు మీదే ఉండాలి, మీ పేరు మీద కాదు. రేపు మీరు ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోయినా వాళ్ల డబ్బు వాళ్లకు చేరాలి కదా!