బొగ్గుల సంచి మరువలేదు, దోమతెర మరిచారు

దసరా సెలవులు మొదలైన శుక్రవారం తెల్లవారుజామున తార్నాకలోని మా అపార్టుమెంటు ముందు పన్నెండు సీట్ల బండి ఒకటి ఆగి ఉంది. నేను ఎప్పటిలాగే ఉస్మానియా ప్రాంగణానికి నడకకు బయలుదేరాను. పై అంతస్తు కుటుంబమూ వారి బంధువులూ కలిసి నల్లమల అంచున ఉన్న ఒక విడిదికి రెండు రాత్రుల కోసం వెళుతున్నారు. అక్కడ గదులతోపాటు వంటగది కూడా ఇస్తారట, వంట మాత్రం మనమే చేసుకోవాలట. మెట్ల పక్కన సామాను పేర్చి ఉంది. బియ్యం బస్తా, గ్యాసు పొయ్యి, మసాలా పట్టించిన కోడిమాంసంతో రెండు స్టీలు డబ్బాలు, ఇనుప గ్రిల్లు, బొగ్గుల సంచి, చిప్సు ప్యాకెట్లు, మోకాలి ఎత్తు స్పీకరు.

"మందులెక్కడమ్మా?" అని అడిగాను. "పారాసిటమాల్ పెట్టానండీ డాక్టరుగారూ, రెండు రోజులే కదా!" అన్నది ఆ ఇంటి కోడలు. ఆమె మామగారు ఏళ్ల తరబడి ఇన్సులిన్ మీద ఉన్న మనిషి. ఆయన ఇన్సులిన్ సీసా డ్రైవరు పక్క సీటు ముందున్న అరలో ఉంది.

ఆ కుటుంబం మీద కోపంతో ఈ వ్యాసం రాయడం లేదు. చెప్పవలసింది అక్కడే చెప్పాను, వారూ విన్నారు. నా కోపమంతా "రెండు రోజులే కదా" అన్న మాట మీద. పాముకూ, దోమకూ, పాడైన కోడిమాంసానికీ మీ సెలవు రెండు రోజులో ఇరవై రోజులో తెలియదు.

నేను ఉద్యోగంలో ఉన్న కాలంలో ఏజెన్సీ ప్రాంతంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కొన్నేళ్లు పనిచేశాను. ఒకనాటి తెల్లవారుజామున పట్నం నుంచి విహారానికి వచ్చిన కుటుంబం పదేళ్ల బాలుణ్ణి మోసుకొచ్చింది. అడవి బంగళాలో అందరూ నేల మీద జంబుఖానా పరుచుకొని పడుకున్నారు. అర్ధరాత్రి పిల్లవాడు కడుపునొప్పి అన్నాడు. రాత్రి తిన్న మాంసం అరగలేదనుకొని వాము నీళ్లు తాగించారు. నా దగ్గరకు చేరేసరికి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వస్తున్నది. ఒంటి మీద ఎంత వెదికినా గాటు కనిపించలేదు. అది కట్లపాము కాటు. దాని కోరలు చిన్నవి, కాటు చాలాసార్లు చీమ కుట్టినంత నొప్పి కూడా పుట్టించదు. రాత్రిపూట తిరిగే ఆ పాము నేల మీద నిద్రించే వారినే ఎక్కువగా కాటేస్తుంది. శ్వాస కండరాలు చచ్చుబడిన తరువాత విరుగుడు మందు ఒక్కటే చాలదు, కృత్రిమ శ్వాస కావాలి. చేతితో నొక్కే సంచితో శ్వాస అందిస్తూ జిల్లా ఆసుపత్రికి జీపులో బయలుదేరాం. దారిలోనే పోయాడు. ఆ తల్లి నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "వాము నీళ్లు తాగించకుండా ఉంటే బతికేవాడా?" కాదమ్మా, మంచం మీద పడుకోబెట్టి, దోమతెర కట్టి, దాని అంచులు పరుపు కిందికి దోపి ఉంటే బతికేవాడు. ఆ మాట నేనామెకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58 వేల మంది మరణించారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో తెలంగాణతో కలిసిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. మనకు దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషానికీ పనిచేస్తుంది. కనుక పామును పట్టి, చంపి, సీసాలో వేసి తెచ్చే సాహసం అక్కరలేదు. గాటు కోయకండి, నోటితో పీల్చకండి, తాడుతో బిగించి కట్టకండి. కాటు పడిన కాలినో చేతినో కదలనీయకుండా ఆసుపత్రికి చేర్చండి. అయితే ఏ ఆసుపత్రికి? ఇది బయలుదేరే ముందు తెలుసుకోవలసిన సంగతి. విడిదికి డబ్బు కట్టేటప్పుడు ఈత కొలను ఉందా, వైఫై ఉందా అని అడుగుతారు. విరుగుడు మందు ఉన్న ఆసుపత్రి ఎంత దూరంలో ఉందని అడిగిన వారిని నేను చూడలేదు. అడవిలో అన్నిచోట్లా ఫోను పలకదు, 108కు ఎక్కడి నుంచి ఫోను చేయవచ్చో కూడా అడగండి. శ్రీశైలం దారిలో మన్ననూరు తనిఖీ కేంద్రం దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ప్రయాణికుల రాకపోకలు ఆపుతారు. అత్యవసరమైతే ఎవరితో మాట్లాడాలో విడిది వారు మీకు ముందే చెప్పాలి. చెప్పలేని యజమానికి అడవిలో గదులు అద్దెకిచ్చే అర్హత లేదని నా అభిప్రాయం. రంగురంగుల ప్రకటనలో పులి బొమ్మ వేసే వారికి ఒక ఆసుపత్రి పేరు వేయడానికి చోటు దొరకదా?

ఇక ఆ స్టీలు డబ్బాల సంగతి. మా ఇంటి నుంచి నడక దూరంలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. (ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టిన ఏడాదీ 1918నే.) దాని గోడ పక్కనే రోజూ నడిచే మనం, మసాలా పట్టించిన పచ్చి మాంసాన్ని ఐదు గంటలు వెచ్చని బండిలో తీసుకుపోతాం! 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. పెరుగూ నిమ్మరసమూ పట్టించాం కదా అనవచ్చు, ఆ పులుపు వాటిని ఆపడానికి చాలదు. "మళ్లీ బాగా ఉడికిస్తాం" అని కొందరి ధీమా. స్టెఫిలోకాకస్ ఒకసారి విషాన్ని తయారుచేస్తే వంట వేడికి ఆ విషం నశించదు. రాత్రి వండి గిన్నెలోనే వదిలేసిన బిర్యానీకీ ఇలాంటి ముప్పే ఉంది: బియ్యంలోని ఒక రకం బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, గోరువెచ్చని అన్నంలో మళ్లీ మొలకెత్తుతాయి. మాంసం తినవలసిందేనంటే ఇంట్లో గడ్డకట్టించి, మంచు నింపిన పెట్టెలో పెట్టుకొని, చేరిన రోజే వండండి. లేదా పప్పులు, గుడ్లు, ఉల్లి, బంగాళాదుంప తీసుకుపోండి. మొదటి పూటకు పులిహోర చాలు. చింతపండు పులుపు, నూనె, పసుపు దానిని ఆ పూటకు నిలబెడతాయి. మన పెద్దలు శ్రీశైలం నడక యాత్రకు కట్టుకెళ్లిన మూట అదే.

"మా తాతలు ఈ మందులన్నీ మోసుకెళ్లారా?" అని ఒక ఆక్షేపణ వస్తుంది. మోసుకెళ్లలేదు నిజమే. వారిలో ఎందరు తిరిగి రాలేదో ఎవరూ లెక్క రాసుకోలేదు.

ఇన్సులిన్ విషయంలో చాలామందికి తెలిసింది సగమే. వాడకంలో ఉన్న సీసా 30 డిగ్రీల లోపు వేడిలో సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది. కానీ ఎండలో నిలిపిన బండి లోపలి వేడి బయటి కంటే ఎంతో ఎక్కువ. అలాగని మంచుగడ్డల మధ్య పెట్టకండి, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. గుడ్డలో చుట్టి చల్లని సంచిలో పెట్టి, చేతిసంచిలోనే ఉంచుకోండి. రక్తపోటు, గుండె, మూర్ఛ మందులు రెండు రోజులకు కాక నాలుగు రోజులకు సరిపడా తీసుకుపోండి. ఓఆర్‌ఎస్ పొడి పొట్లాలు కనీసం ఆరు, కలపడానికి లీటరు గుర్తున్న పాత్ర ఒకటి పెట్టుకోండి. అట్టపెట్టెలోని తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. ఆ పేరును పానీయాల మీద వాడరాదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించడానికి హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం కారణం. ఇంటి అరలో ఆ పాత పెట్టెలుంటే వాటిని ఓఆర్‌ఎస్ అని నమ్మి తీసుకుపోవద్దు.

బొగ్గుల గ్రిల్లు గురించి మగవారికి ఒక మాట. రాత్రి చలేస్తున్నదని, వాన పడుతున్నదని ఆ కుంపటిని గదిలోకి తేకండి. నిప్పు ఆరినట్టు కనిపించినా తేవద్దు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అది ప్రాణవాయువు కంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. తలుపులు మూసుకొని పడుకున్న వారికి మేల్కొనే అవకాశం కూడా ఇవ్వదు. ఇంకొక మాట. బొగ్గుల కోసం మూడు దుకాణాలు తిరిగిన మీరు, మందుల పెట్టె సర్దే పనిని మాత్రం ఇంటి ఆడవారికి ఎందుకు వదిలేస్తారు? ఏదైనా మరిచిపోతే నింద కూడా వారికేనా?

1897 ఆగస్టు 20న ఇదే జంటనగరాలలో, బేగంపేటలో, రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ భవనం నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో ఉంది. ఇంత కాలం గడిచినా, ఆ ఊరివాళ్లమైన మనం దోమతెర లేకుండా అడవికి బయలుదేరుతున్నాం. ఆ శుక్రవారం మా ఇంట్లోని నాలుగు దోమతెరలూ ఆ బండి ఎక్కాయి. చోటు కోసం స్పీకరును దించారు. పిల్లలు నా వైపు చూసిన చూపు ఇప్పట్లో మరువలేను.

తిరిగి వచ్చాక నెల రోజుల లోపు ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే, "అడవికి వెళ్లివచ్చాం" అన్న మాట వైద్యుడికి మొదటే చెప్పండి. మలేరియా సాధారణంగా కాటు తరువాత వారం, రెండు వారాలకు బయటపడుతుంది, ఒక్కోసారి నెలలు కూడా పడుతుంది. పొదలలోని నల్లుల వంటి చిన్న పురుగుల వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ కూడా ఇలాగే ఆలస్యంగా కనిపిస్తుంది. చంకలో, గజ్జలో, నడుము పట్టీ కింద, సిగరెట్టుతో కాల్చినట్టు నల్లని చెక్కు కట్టిన మచ్చ ఉన్నదేమో వెదకండి. అది నొప్పి పెట్టదు కనుక రోగి చెప్పడు, దుస్తులు తీసి చూడకపోతే వైద్యుడికీ కనిపించదు. సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే చవకైన మాత్రతో నయమవుతుంది.