మల్డర్‌కి తెలీదు, స్కల్లీకి తెలీదు... మరి రాసినవాళ్ళకి?

మొన్నామధ్య మా టీమ్ లంచ్‌లో చిన్నసైజు యుద్ధం జరిగింది. హైకుల గురించో, వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకి రావాలన్నదాని గురించో అనుకునేరు, కాదు. ఎక్స్-ఫైల్స్ గురించి! ముప్ఫయ్యేళ్ళ కిందటి అమెరికన్ సీరియల్ గురించి చల్లారిపోయిన సాంబారన్నం ముందు ముప్పావుగంట కొట్టుకున్నాం. తప్పు నాదే, టాపిక్ ఎత్తింది నేనే.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎఫ్‌బీఐ ఆఫీసు కింద, బేస్‌మెంట్‌లో ఒక గది. ఎవరూ తేల్చలేక పక్కన పడేసిన కేసులన్నీ అక్కడికి చేరతాయి. మల్డర్ అనే ఏజెంట్‌కి గ్రహాంతరవాసులున్నారని గట్టి నమ్మకం, ఎందుకంటే చిన్నప్పుడు వాళ్ళ చెల్లెలు కళ్ళముందే మాయమైంది. అతని మీద ఓ కన్నేసి ఉంచమని పైవాళ్ళు స్కల్లీ అనే డాక్టరమ్మని పంపుతారు. ఆవిడకి ఏదైనా సరే ఆధారం కావాలి. 1993 సెప్టెంబర్ 10న ఫాక్స్ ఛానల్లో మొదలై 2002 మే దాకా 9 సీజన్లు, 202 ఎపిసోడ్లు నడిచింది. మధ్యలో 1998లో ఒకటి, ముగిశాక 2008లో ఇంకొకటి సినిమాలు వచ్చాయి. మళ్ళీ 2016లో 6, 2018లో 10 ఎపిసోడ్లు తీశారు. మొత్తం 218. మొదటి ఎపిసోడ్ వచ్చేనాటికి నేనింకా పుట్టనేలేదు. ఏడాదిన్నరగా రాత్రి డిప్లాయ్‌మెంట్లు పూర్తయ్యేవరకు నిద్ర ఆపుకోవడానికి ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయి, ఈమధ్యే అంతా పూర్తి చేశాను.

ఇక యుద్ధం సంగతి. మా లీడ్ అన్న కాలేజీ రోజుల్లో కేబుల్ టీవీలో చూసిన బాపతు. "నువ్వు ఏడాదిన్నరలో చూశావు కాబట్టి నీకు నొప్పి తెలీదు. మేము వారం వారం ఎదురుచూశాం. చివరికేం చెప్పాడు? ఏమీ చెప్పలేదు. పచ్చి మోసం" అన్నాడు. టెస్టింగ్‌లో పనిచేసే స్నేహితురాలు అడ్డం పడింది. "ఆ ఏలియన్స్ గోల ఎవడిక్కావాలి అన్నా? వారానికో దెయ్యం కథ ఉంటుంది చూడు, దాని కోసం చూడాలి." మూడో అతను అసలు చూడనేలేదు, అయినా తీర్పు ఇచ్చేశాడు. "ఇంజినీరింగ్ చదివి ఇవేం చూస్తార్రా బాబూ?"

తర్వాత ఆలోచిస్తే, ఈ సీరియల్ మీద ప్రేక్షకులు ఇన్నేళ్ళుగా చెబుతున్నవి దాదాపు ఈ మూడు మాటలే అనిపించింది. మూడింట్లోనూ కొంత నిజం ఉంది. కానీ అసలు జబ్బుని మాత్రం మూడూ పట్టుకోలేదని నా అనుమానం.

చివరి మాటతో మొదలెడతాను. ఇది మా వాడు కొత్తగా కనిపెట్టిందేం కాదు. జీవశాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ 1996లోనే బీబీసీ డింబుల్‌బీ ఉపన్యాసంలో ఈ సీరియల్‌ని ఏకిపారేశాడు. ఆయన వాదన సారాంశం ఇదీ: ప్రతి వారం రెండు వివరణలు పోటీకి దిగుతాయి, ఒకటి సైన్సుది, ఒకటి అతీంద్రియ శక్తులది. ప్రతి వారం రెండోదే గెలుస్తుంది. కథే కదా అని వదిలేయకండి, వారం వారం ఒకే వైపు తీర్పు చెబుతుంటే అది చూసేవాడి బుర్రలోకి ఎక్కుతుంది అని.

స్కోరు లెక్క వరకు ఆయన చెప్పింది చాలావరకు కరెక్టే. పాపం స్కల్లీ వారం వారం ఓడిపోతూనే ఉంటుంది. మరి ఆశ్చర్యం ఏమిటంటే, ఆ ఓడిపోయిన మనిషిని చూసే బోలెడుమంది అమ్మాయిలు సైన్సు వైపు వచ్చామని చెప్పుకున్నారు. దీనికి స్కల్లీ ఎఫెక్ట్ అని పేరు కూడా ఉంది. 2018లో గీనా డేవిస్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు అమెరికాలో చేసిన సర్వేలో, సైన్సు, టెక్నాలజీ రంగాల్లో ఉండి స్కల్లీ గురించి తెలిసిన ఆడవాళ్ళలో 63 శాతం మంది ఆమె తమకి ఆదర్శం అన్నారు. ఆ సర్వేలో సీరియల్ సొంతదారు 21స్ట్ సెంచరీ ఫాక్స్ కూడా భాగస్వామే, కాబట్టి కాస్త ఉప్పు తగ్గించుకుని తిందాం. ఎంత తగ్గించుకున్నా ఒకటి మాత్రం మిగులుతుంది. డాకిన్స్ స్కోర్‌బోర్డు చూశాడు, ప్రేక్షకులు ఆట చూశారు. శవపరీక్ష చేయడం, శాంపిల్ ల్యాబ్‌కి పంపడం, "నీ దగ్గర ఆధారం ఏముంది మల్డర్?" అని మొహం మీదే అడగడం, చివరికి రిపోర్టు రాసుకోవడం. ఫలితం కథ రాసేవాడి చేతిలో ఉండొచ్చు, పద్ధతి మాత్రం ఆవిడదే.

రెండో మాట, వారానికో కథ చాలు అన్నది. దీనికి నా ఓటు సగం. నాకు అన్నిటికంటే నచ్చినది 1995లో వచ్చిన క్లైడ్ బ్రూక్‌మన్ ఎపిసోడ్. అతనొక ముసలి ఇన్సూరెన్స్ ఏజెంటు. ఎదుటి మనిషి ఎలా చచ్చిపోతాడో అతనికి ముందే కనిపిస్తుంది. అంతకంటే పనికిమాలిన వరం ఇంకోటి ఉండదని అతని ఏడుపు. రాసిన డారిన్ మోర్గాన్‌కీ, ఆ పాత్ర వేసిన పీటర్ బాయిల్‌కీ 1996లో ఎమ్మీలు వచ్చాయి. సరే, అతనికి కనిపించడం వెనక మెకానిజం ఏమిటి? చెప్పలేదు. మెదడులో ఏ నరం, ఏ కిరణం... ఒక్క ముక్క లేదు. అయినా మోసం అని గోల చేసినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

మా లీడ్ అన్న వాదన ఇక్కడే తేలిపోతుంది. జవాబు చెప్పకపోవడమే మోసమైతే, ఈ ఎపిసోడ్‌ని కూడా తిట్టాలి కదా? పైగా జనం నెత్తిన పెట్టుకున్నారు.

మరి పెద్ద కథ దగ్గర ఎందుకు తిట్టారు? ఆ పెద్ద కథ ఎలా పుట్టిందో చూస్తే మన ఫీల్డువాళ్ళకి నవ్వొస్తుంది. 1994లో స్కల్లీ వేషం వేసే గిలియన్ ఆండర్సన్ గర్భవతి. కొన్నాళ్ళు షూటింగ్‌కి రాలేదు. ఏం చేయాలి? పాత్రని గ్రహాంతరవాసులు ఎత్తుకెళ్ళినట్టు రాసేశారు! మన భాషలో చెప్పాలంటే వర్క్‌అరౌండ్. అది అద్భుతంగా పేలింది. ఆ ఒక్క ప్యాచ్ మీద తర్వాత ఆమె జబ్బు, ఆమె పిల్లలు, ప్రభుత్వంలో పెద్దల కుట్ర... అన్నీ కట్టుకుంటూ పోయారు. సిగరెట్ మనిషి అని ఒక ముఖ్యమైన విలన్ ఉంటాడు, మొదటి ఎపిసోడ్‌లో అతనికి ఒక్క డైలాగు కూడా లేదు. గదిలో ఓ మూల సిగరెట్ కాలుస్తూ నిలబడతాడంతే. అలా మూల నిలబడ్డ మనిషే పోను పోనూ కథకి మూలస్తంభం అయ్యాడు.

ఇందులో తప్పేం లేదు. మనం కట్టిన సిస్టమ్స్ ఎన్ని డిజైన్ డాక్యుమెంట్ ప్రకారం ఉన్నాయి గనక? తప్పు తర్వాత జరిగింది. మల్డర్ చెల్లెలు సమంత సంగతే చూడండి. 1993 నుంచి ఏడేళ్ళు ఆ ప్రశ్న మీదే బండి నడిపారు. మధ్యలో ఇదిగో చెల్లెలు అన్నారు, కాదు క్లోన్ అన్నారు. చివరికి 2000లో ఏమన్నారయ్యా అంటే, ఆ పిల్లని కష్టాల్లోంచి ఆత్మలు కాపాడి నక్షత్రకాంతిగా మార్చేశాయి అన్నారు. ఆ సీన్ బాగుంటుంది, నేనూ కళ్ళు తుడుచుకున్నాను. కానీ ఏడేళ్ళుగా పోగేసిన ఆధారాల్లో ఈ జవాబుకి దారితీసేది దాదాపు ఏమీ లేదు. 2002 మేలో వచ్చిన ముగింపులో మల్డర్‌ని బోనెక్కించి, సాక్షుల చేత పెద్ద కథంతా వరసగా చెప్పించారు. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ సెషన్‌లో కూర్చున్నట్టే ఉంటుంది. 2012 డిసెంబర్ 22న దండయాత్ర అని తేదీ కూడా ఇచ్చారు. ఆ తేదీ వచ్చింది, పోయింది. 2016లో మళ్ళీ మొదలెట్టి అదంతా మనుషులే ఆడించిన నాటకం అన్నారు. ఆ సీజన్ చివర్లో దేశమంతా రోగంతో కుప్పకూలుతుంది, ఆకాశంలో ఓడ కనిపిస్తుంది, కట్. రెండేళ్ళు ఆగి 2018లో చూస్తే... అదంతా స్కల్లీకి కలిగిన దర్శనమట!

అంటే మా అన్న చెప్పిన దానికి సరిగ్గా తలకిందులన్నమాట. వాళ్ళు జవాబు చెప్పకపోవడం కాదు కష్టం. లేని జవాబులు చెప్పారు. ఒకటి కాదు, నాలుగైదు, ఒకదాన్ని ఇంకోటి కొట్టేస్తూ.

"నాకు తెలీదు" అనడం వేరు. తెలీకపోయినా తెలిసినట్టు ఏదో ఒకటి రాసి ఫైలు మూసేయడం వేరు. ప్రేక్షకుడు మొదటిదాన్ని క్షమిస్తాడు, ప్రేమిస్తాడు కూడా. రెండోదాన్ని వాసన పట్టేస్తాడు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రెండో పని నేనూ చేశాను కాబట్టి.

పోయినేడాది మాట. నెలాఖరులో నడిచే ఒక బ్యాచ్ జాబ్ రాత్రి రెండింటికి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేస్తే బుద్ధిగా నడిచింది. లాగ్స్‌లో ఒక టైమవుట్ తప్ప ఏమీ లేదు. పొద్దున్నే క్లయింటు నుంచి మెయిలు, సాయంత్రానికల్లా కారణమేంటో ఆర్‌సీఏ కావాలి అని. నిజంగా నాకు తెలిసింది ఏమిటి? ఏమీ తెలీదు. కానీ 'కారణం' అనే గడిలో తెలీదు అని రాస్తే బాగుండదు కదా. "నెట్‌వర్క్‌లో తాత్కాలిక అంతరాయం" అని రాశాను. చూడ్డానికి ఎంత నిండుగా ఉందో! క్లయింటు థాంక్యూ అన్నాడు, టికెట్ క్లోజ్, నేను హాయిగా ఇంటికెళ్ళి ఎక్స్-ఫైల్స్ పెట్టుకున్నాను.

తర్వాతి నెలాఖరుకి మళ్ళీ ఆగింది. ఈసారి పాత ఆర్‌సీఏ తీసి, అంతకుముందు నెట్‌వర్కే అన్నారు కదా అని అందరూ అటు పడ్డారు. రెండు రోజులు పోయాయి. ఆ రాత్రి నెట్‌వర్క్ టీమ్‌లో డ్యూటీలో ఉన్న కుర్రాడి చేత, నాకంటే చిన్నవాడు, రెండుసార్లూ ఏం జరిగిందో సంజాయిషీ రాయించుకున్నారు. మూడో రోజు అసలు విషయం బయటపడింది. వేరే సిస్టమ్ నుంచి రావాల్సిన ఫైలు ఆలస్యమైనప్పుడు ఇంకో జాబ్ కూడా అదే సమయానికి నడుస్తోంది, రెండూ ఒకే టేబుల్ మీద లాక్ కోసం కొట్టుకుంటున్నాయి. నెట్‌వర్క్‌కి ఏ పాపమూ తెలీదు. ఆ కుర్రాడికి అంతకన్నా తెలీదు.

అతని డెస్క్ దగ్గరికి వెళ్ళి సారీ చెప్పాను. "పర్లేదు అన్నా, అందరూ మామీదే వేస్తారు, అలవాటే" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ వారమే మళ్ళీ మొదటి సీజన్ తిరగేశాను. ఎపిసోడ్ అయిపోయేటప్పుడు స్కల్లీ కంప్యూటర్ ముందు కూర్చుని రిపోర్టు టైపు చేసుకుంటుంది. తనకి దొరికింది ఇదీ, దొరకనిది ఇదీ, కేసు తేలలేదు. పైఅధికారులు అరుస్తారని తెలుసు. అయినా ఆ ఖాళీని ఖాళీగానే ఉంచుతుంది. ఇదివరకు ఆ సీన్లు వస్తే ఫార్వర్డ్ కొట్టేవాణ్ణి. ఆ సీరియల్లో నాకు పనికొచ్చేది ఏదైనా ఉంటే అదేనని ఆ రోజు తెలిసింది.

లీడ్ అన్న పూర్తిగా ఒప్పుకోలేదు. "తొమ్మిదేళ్ళు కూర్చోబెట్టి తెలీదంటే నేనైతే టీవీ పగలగొట్టేవాణ్ణి" అన్నాడు. అందులోనూ న్యాయముంది. జవాబుందని టైటిల్స్‌లోనే ఊరించి, వారం వారం పిలిచి, మన దగ్గరే లేదంటే ఎవరికైనా మండుతుంది. అందుకే మాటిచ్చేటప్పుడే జాగ్రత్తగా ఇవ్వాలంటాను. సాయంత్రానికల్లా కారణం చెబుతాం అనే బదులు, సాయంత్రానికల్లా ఏం తెలిసిందో, ఇంకా ఏం తెలియాలో చెబుతాం అనొచ్చు.

ఇప్పుడు నేను ఆర్‌సీఏలో "కారణం ఇంకా నిర్ధారణ కాలేదు, మళ్ళీ వస్తే పట్టుకోవడానికి ఫలానా చోట అదనంగా లాగ్స్ పెట్టాం" అని రాస్తున్నాను. మొదటిసారి క్లయింటు కాల్‌లో పదిహేను నిమిషాలు వాయించాడు. రెండోసారి ఐదు నిమిషాలు. మూడోసారి ఆ లాగ్సే దొంగని పట్టించాయి.

ఇంజినీరింగ్ చదివి ఇవేం చూస్తార్రా అన్న మావాడికి ఇదే నా జవాబు. దెయ్యాలున్నాయో లేవో తేల్చుకోవడానికి కాదు బాబూ చూసింది. తెలీనిదాన్ని తెలీదని ఎలా రాయాలో నేర్చుకోవడానికి అనుకో. వాడికి మొదటి సీజన్ నుంచి పదమూడో ఎపిసోడ్ చూడమని చెప్పాను. 1994 జనవరిలో వచ్చింది, స్కల్లీ నాన్న చనిపోయే కథ. అందులో నమ్మాలనిపించేది స్కల్లీకి, వద్దనేది మల్డర్. చూసొచ్చాక లంచ్‌లో మళ్ళీ మాట్లాడుకుందాం అన్నాను. ఈసారి సాంబారు చల్లారకముందే తినేసి కూర్చుంటాం.